కుందేలు రక్తంలో దొరికిన నిద్ర

1960ల తొలినాళ్లలో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో మార్సెల్ మోనియే అనే శాస్త్రవేత్త కుందేళ్ల మీద ఒక విచిత్రమైన ప్రయోగం చేశాడు. కుందేలు మెదడు లోతుల్లో ఉండే థాలమస్‌లోకి సన్నని తీగ దింపి, కొద్దిపాటి విద్యుత్తు పంపితే అది నిద్రలోకి జారుకుంటుంది. అలా నిద్రపోతున్న కుందేలు రక్తాన్ని డయాలిసిస్ పొర గుండా పారించి, పొర దాటి వచ్చిన ద్రవాన్ని మెలకువగా ఉన్న ఇంకో కుందేలుకు ఎక్కించారు. రెండో కుందేలు మెదడు తరంగాలు కూడా నెమ్మదించాయి. గాఢనిద్రలో కనిపించే డెల్టా తరంగాలు పెరిగాయి. 1964లో ఈ సంగతి ‘సైన్స్’ పత్రికలో అచ్చయింది.

నిద్రను పుట్టించే పదార్థం ఒకటి ఒంట్లో ఎక్కడో తయారవుతుందన్న అనుమానం అంతకు ముందే ఉంది. 1909లో జపాన్‌లో కునియోమి ఇషిమోరి, 1913 నాటికి ఫ్రాన్స్‌లో లెజాంద్ర్, పియెరాన్ ఇదే దారిలో వెతికారు. ఫ్రెంచివాళ్లు కుక్కలను రోజుల తరబడి నిద్రపోనివ్వకుండా ఉంచి, వాటి మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని మామూలుగా నిద్రపోయి లేచిన కుక్కలకు ఎక్కించారు. అవీ పడుకున్నాయి. కానీ ఆ ద్రవంలో ఉన్న పదార్థం ఏమిటో తేల్చే సాధనాలు ఆ రోజుల్లో లేవు. మోనియే చేతిలో ఉన్నాయి. గైడో షోనెన్‌బెర్గర్‌తో కలిసి ఏళ్ల తరబడి వడగట్టి, శుద్ధి చేసి, 1977లో ఆ అణువు నిర్మాణాన్ని ప్రకటించాడు. తొమ్మిది అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు అది: ట్రిప్టోఫాన్, అలనిన్, గ్లైసిన్, మళ్లీ గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం, అలనిన్, సెరిన్, గ్లైసిన్, గ్లుటామిక్ ఆమ్లం. దానికి పెట్టిన పేరు డెల్టా స్లీప్ ఇండ్యూసింగ్ పెప్టైడ్. పొట్టిగా డీఎస్ఐపీ.

ఆ అణువే ఇప్పుడు చిన్న గాజు సీసాలో తెల్లటి పొడిగా ఇంటర్‌నెట్‌లో అమ్ముడవుతోంది. సీసా మూతి రబ్బరు బిరడాతో బిగించి ఉంటుంది. లేబుల్ మీద మిల్లీగ్రాముల లెక్క, ‘99 శాతం శుద్ధత’ అన్న మాట, వాటి కింద చిన్న అక్షరాల్లో ‘పరిశోధన కోసం మాత్రమే, మనుషుల వాడకానికి కాదు’ అన్న హెచ్చరిక. కొన్నవాళ్లు ఆ పొడిలో ఇంజెక్షన్ నీళ్లు కలిపి, ఇన్సులిన్ సిరంజితో పొట్ట మీది చర్మం కింద పొడుచుకుంటారు. దీని పక్కనే ఒత్తిడికి సెలాంక్, వయసు మీద పడి తగ్గిన నిద్రకు ఎపిటాలన్, ‘లోతైన నిద్ర’కు సీజేసీ-1295, ఇపామోరెలిన్ కూడా ఉంటాయి. వీటిలో దేనికి ఎంత రుజువు ఉంది? ఈ అధ్యాయంలో తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే. రాత్రి మూడింటికి పైకప్పు చూస్తూ పడుకున్న మనిషికి ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో నిద్ర పట్టని ప్రతి ఒక్కరికీ తెలుసు.

పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాలు వరసగా కలిసిన గొలుసు. గొలుసు మరీ పొడవైతే ప్రోటీన్ అంటాం. మన శరీరం తన కబుర్లు చాలావరకు వీటితోనే పంపుకుంటుంది. 51 అమైనో ఆమ్లాల ఇన్సులిన్ 1922 నుంచి కోట్లమందిని బతికిస్తోంది. కాన్పు నొప్పులను నడిపించే ఆక్సిటోసిన్ తొమ్మిది అమైనో ఆమ్లాల పెప్టైడే. బరువు తగ్గడానికి 2025 నుంచి మన దేశంలోనూ దొరుకుతున్న వెగోవీలోని సెమాగ్లుటైడ్ కూడా పెప్టైడే. వారానికోసారి సూది పొడుచుకోవడం మధ్యతరగతి ఇళ్లలో ఇప్పుడు వింత కాదు. సూది భయం పోయింది, పెప్టైడ్ అన్న మాటకు పరపతి పెరిగింది.

నిద్ర పెప్టైడ్లు అమ్మేవాళ్లు ఈ పరపతి మీదే బతుకుతున్నారు. ఇది చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమే. సెమాగ్లుటైడ్ ఎలా మందు అయిందో చూస్తే తేడా తెలుస్తుంది. మన పేగుల్లో సహజంగా ఊరే జీఎల్‌పీ-1 అనే పెప్టైడ్ రక్తంలోకి వచ్చిన రెండు నిమిషాలకే సగానికి సగం నాశనమవుతుంది. దాన్ని మందుగా మార్చడానికి రసాయన శాస్త్రవేత్తలు కొన్ని అమైనో ఆమ్లాలు మార్చారు, పొడవాటి కొవ్వు ఆమ్లాన్ని తగిలించారు. ఆ కొవ్వు తోక రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకుని వేలాడుతుంది కాబట్టి మందు వారం పాటు నిలుస్తుంది. తర్వాత 1,961 మందిని 68 వారాలు పరీక్షించారు. మందు తీసుకున్నవాళ్లు సగటున 14.9 శాతం బరువు తగ్గారు, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లు 2.4 శాతమే తగ్గారు. ఆ ఫలితం 2021లో వెలువడింది. ఇదొక్కటే కాదు, ఇలాంటివి ఇంకా అనేకం జరిగాయి.

ఇప్పుడు డీఎస్ఐపీ దగ్గరికి వద్దాం. మనుషుల మీద దాని తొలి ప్రయోగాలు 1980ల మొదట్లో స్విట్జర్లాండ్‌లోనే జరిగాయి. 1981లో ప్రచురించిన ఒకదానిలో పాల్గొన్నవాళ్లు ఆరుగురు. శరీర బరువు కిలోకు 25 నానోమోళ్ల చొప్పున నరానికి ఎక్కించారు. 70 కిలోల మనిషికి ఇది దాదాపు ఒకటిన్నర మిల్లీగ్రాములు. నిద్ర పెరిగిందన్నారు. తర్వాత దీర్ఘకాలంగా నిద్రలేమితో బాధపడుతున్నవాళ్ల మీద చేసిన చిన్న ప్రయోగాల్లోనూ మంచి ఫలితాలు వచ్చాయన్నారు. ఆశ కలగడం సహజమే.

ఆ ఆశను గట్టిగా పరీక్షకు పెట్టింది 1992లో నెదర్లాండ్స్ బృందం ఒకటి ప్రచురించిన అధ్యయనం. దీర్ఘకాల నిద్రలేమి ఉన్న 16 మందిని తీసుకున్నారు. ఎవరికి అసలు మందు వెళుతోందో, ఎవరికి ఉత్తుత్తి మందు వెళుతోందో రోగులకూ తెలియదు, వైద్యులకూ తెలియదు. డీఎస్ఐపీ తీసుకున్నవాళ్లు కాస్త త్వరగా నిద్రపోయారు, పడకమీద గడిపిన సమయంలో నిద్ర వాటా కాస్త పెరిగింది. కానీ ఆ తేడా చాలా బలహీనం. అందులోనూ కొంత భాగం ఉత్తుత్తి మందు వైపు యాదృచ్ఛికంగా వచ్చిన మార్పు వల్ల కావచ్చని పరిశోధకులే రాశారు. ‘నిద్ర బాగా పట్టిందా?’ అని అడిగితే రోగుల జవాబులో తేడా ఏమీ లేదు. నిద్రలేమికి స్వల్పకాలం ఈ పెప్టైడ్ వాడినందువల్ల చెప్పుకోదగ్గ మేలు ఉండేలా లేదన్నది వాళ్ల ముగింపు. వందలమందితో, నెలల తరబడి సాగిన పెద్ద పరీక్ష ఏదీ ఆ తర్వాత రాలేదు.

ఇంతకంటే లోతైన చిక్కు ఇంకొకటి ఉంది. మన శరీరంలో తయారయ్యే ప్రతి పెప్టైడ్ హార్మోనుకూ దాని నమూనా ఒక జన్యువులో ఉంటుంది. అది వెళ్లి తాకే గ్రాహకం ఒకటి కణం మీద ఉంటుంది. ఇన్సులిన్‌కు రెండూ తెలుసు. ఆక్సిటోసిన్‌కూ తెలుసు. డీఎస్ఐపీకి జన్యువు దొరకలేదు, గ్రాహకమూ దొరకలేదు. 2006లో ఇద్దరు రష్యన్ పరిశోధకులు దీని మీద రాసిన సమీక్షకు ఇంకా విడని చిక్కుముడి అన్న అర్థం వచ్చే శీర్షిక పెట్టారు. మనిషి జన్యుపటం మొత్తం చదివేశాక కూడా ఒక పెప్టైడ్ తాలూకు జన్యువు కనబడలేదంటే, అది మనలో నిజంగా నిద్ర కోసమే తయారవుతోందా అన్న అనుమానం న్యాయమైనదే. మోనియేది మోసం కాదు. ఆ కాలపు సాధనాలతో నిజాయితీగా చేసిన పని అది. దానికి ఆయన తర్వాత దక్కవలసిన రుజువు దక్కలేదు, అంతే.

పెప్టైడ్ మందులన్నిటికీ ఎదురయ్యే అడ్డంకులు కూడా ఇక్కడ ఉన్నాయి. మింగితే జీర్ణరసాలు ముక్కలు చేస్తాయి. రక్తంలోకి పంపితే ఎంజైములు నిమిషాల్లో కత్తిరిస్తాయి. అవి దాటినా మెదడులోని రక్తనాళాల గోడ చాలా అణువులను లోపలికి రానివ్వదు. డీఎస్ఐపీ కొంత దాటుతుందని జంతు ప్రయోగాలు చెబుతున్నా, చర్మం కింద పొడుచుకున్న మోతాదులో మనిషి మెదడుకు చేరేదెంత, అక్కడ చేసేదేమిటి అన్నది ఎవరూ నిరూపించలేదు.

ఒత్తిడికి అమ్మే సెలాంక్ కథ వేరు. మాస్కోలో తయారైన ఈ ఏడు అమైనో ఆమ్లాల పెప్టైడ్ రష్యాలో ముక్కులో వేసుకునే చుక్కల మందుగా నమోదైంది. మన రోగనిరోధక వ్యవస్థలో ఉండే టఫ్ట్‌సిన్ అనే నాలుగు అమైనో ఆమ్లాల ముక్కకు ఇంకో మూడు జోడించి, ఎంజైములు త్వరగా కత్తిరించకుండా చేశారు. దీని గురించి తరచుగా చెప్పే అధ్యయనం 2008లో వచ్చింది. ఆందోళన, నరాల బలహీనత ఉన్న 62 మందిలో కొందరికి సెలాంక్, మిగతావాళ్లకు మెడజెపామ్ అనే పాత మత్తుమందు ఇచ్చారు. రెండూ దాదాపు ఒకే స్థాయిలో ఆందోళన తగ్గించాయన్నారు. వినడానికి బాగుంది. కానీ అందులో ఉత్తుత్తి మందు వర్గం లేదు. ఆందోళన, నిద్రలేమి లాంటి బాధల్లో ఆ వర్గం లేకపోతే ఫలితానికి కాళ్లు ఉండవు. నిద్రలేమి మందుల ప్రయోగాలను గుదిగుచ్చి చూసిన 2015 నాటి విశ్లేషణలో, అసలు మందు తీసుకున్నవాళ్లలో కనిపించిన మెరుగుదలలో సుమారు 64 శాతం ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలోనూ కనిపించింది. మందు తీసుకుంటున్నామన్న నమ్మకం, డాక్టరు ఓపిగ్గా వినడం, చెడ్డ రోజుల తర్వాత ఎలాగూ వచ్చే మంచి రోజులు, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఇంటర్‌నెట్‌లో ‘నాకు పనిచేసింది’ అని రాసేవాళ్లు అబద్ధం చెబుతున్నారని నేను అనను. పనిచేసింది ఏదో వాళ్లకు తెలిసే వీలు లేదు.

ఎపిటాలన్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వ్లదిమిర్ ఖవిన్సన్ బృందం రూపొందించిన నాలుగు అమైనో ఆమ్లాల గొలుసు అది. దాని మీది పరిశోధన చాలావరకు ఆ బృందం నుంచే వచ్చింది. గ్రోత్ హార్మోన్‌ను పెంచే సీజేసీ-1295, ఇపామోరెలిన్ అమ్మేవాళ్లు మాత్రం ఒక నిజాన్ని పట్టుకుని వేలాడుతున్నారు. రాత్రి తొలి గాఢనిద్రలో గ్రోత్ హార్మోన్ ఒక్కసారిగా పొంగుతుందని 1968 నుంచి తెలుసు. ఆ హార్మోన్‌ను విడుదల చేయించే పెప్టైడ్‌ను జర్మనీలోని మ్యూనిక్‌లో యువకులకు రాత్రిపూట నరంలోకి కొద్దికొద్దిగా పంపితే గాఢనిద్ర పెరిగింది కూడా. అయితే ఆ ప్రయోగంలో వాడిన అణువు వేరు, ఇచ్చిన పద్ధతి వేరు. ఇపామోరెలిన్‌ను నిద్రలేమి రోగుల మీద సరైన పద్ధతిలో పరీక్షించి మేలు చూపించిన ప్రయోగమేదీ అమ్మేవాళ్ల చేతిలో లేదు.

ఇవి కాక పాల నుంచి వచ్చే పెప్టైడ్ ఒకటుంది, దాని దగ్గర కాస్త ఆగాలి. ఎందుకంటే పడుకోబోయే ముందు గోరువెచ్చని పాలు తాగడం మన ఇళ్లలో తరతరాల అలవాటు. పాలలోని కేసిన్ ప్రోటీన్‌ను ట్రిప్సిన్ అనే ఎంజైముతో విడగొడితే వచ్చే ముక్కల్లో పది అమైనో ఆమ్లాలది ఒకటి ఉంది. ఆల్ఫా-కాసోజెపైన్ అంటారు. డయాజెపామ్ లాంటి మత్తుమందులు వెళ్లి కూర్చునే గ్రాహకం మీదే ఇదీ కూర్చుంటుందని 2001లో ఫ్రాన్స్ పరిశోధకులు చూపించారు. పట్టు మాత్రం డయాజెపామ్ కంటే సుమారు పదివేల రెట్లు బలహీనం. అయినా ఎలుకల్లో ఆందోళన తగ్గింది. ఈ ముక్కలున్న పాల పొడిని లాక్టియం పేరుతో మాత్రల్లో అమ్ముతున్నారు. 2007లో 63 మంది మహిళల మీద రోజుకు 150 మిల్లీగ్రాముల చొప్పున 30 రోజులు, 2019లో కొరియాలో 48 మంది మీద నాలుగు వారాలు జరిగిన ప్రయోగాల్లో, ఉత్తుత్తి మందుతో పోల్చి చూస్తే, ఒత్తిడి లక్షణాల్లోనూ నిద్రలోనూ కొంత మెరుగు కనిపించింది. ప్రయోగాలు చిన్నవి, ప్రభావమూ చిన్నదే. ఈ అధ్యయనాల్లో కొన్నింటి వెనుక ఆ పదార్థాన్ని తయారు చేసే కంపెనీ ఉంది. అయినా నిద్ర పేరుతో అమ్మే పెప్టైడ్లలో కాస్తో కూస్తో పద్ధతైన రుజువున్నది ఇదొక్కటే అని నా అభిప్రాయం. పాల ప్రోటీన్ పడనివాళ్లు తప్ప మిగతావాళ్లకు ప్రమాదమూ తక్కువ. అయితే గ్లాసుడు పాలు తాగితే కడుపులో ఈ ముక్క తగినంత తయారవుతుందని ఈ ప్రయోగాలు చెప్పవు. రాత్రి పాలు హాయిగా తాగండి. అందులో నిద్రమందు ఉందని మాత్రం అనుకోకండి.

మరి నిద్రను నిజంగా నడిపించే పెప్టైడ్లు లేవా? ఉన్నాయి. వాటి కథ ఈ సీసాల కథ కంటే ఎంతో గొప్పది. 1998లో అమెరికాలో రెండు బృందాలు విడివిడిగా, మెదడులోని హైపోథాలమస్‌లో ఒకే పెప్టైడ్ల జంటను కనుక్కున్నాయి. ఒక బృందం హైపోక్రెటిన్ అంది, ఇంకొకటి ఒరెక్సిన్ అంది. మరుసటి ఏడాదే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో, నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి కుప్పకూలి నిద్రపోయే డాబర్‌మాన్ కుక్కల్లో ఈ పెప్టైడ్ గ్రాహకం తాలూకు జన్యువు చెడిపోయిందని తేలింది. 2000లో మనుషుల్లో ఇలాంటి జబ్బే అయిన నార్కోలెప్సీతో బాధపడి మరణించినవాళ్ల మెదళ్లు పరిశీలిస్తే, ఒరెక్సిన్ తయారు చేసే కణాలు దాదాపు పూర్తిగా మాయమై ఉన్నాయి. మనిషి మెదడులో మొత్తం కలిపి కొన్ని పదుల వేల కణాలే ఒరెక్సిన్‌ను తయారు చేస్తాయి. అవి పోతే మనిషి మెలకువగా నిలబడలేడు. అంటే ఒరెక్సిన్ నిద్రపుచ్చే పెప్టైడ్ కాదు, మేలుకొలిపి ఉంచే పెప్టైడ్. దాన్ని రాత్రిపూట అడ్డుకుంటే నిద్ర వస్తుంది కదా అన్న ఆలోచన నుంచి సువొరెక్సాంట్ పుట్టింది. 2014లో అమెరికా ఆమోదం పొందింది. తర్వాత లెంబొరెక్సాంట్, డారిడొరెక్సాంట్ వచ్చాయి. ఇవేవీ పెప్టైడ్లు కావు. మాత్రగా మింగగలిగిన, మెదడు గోడ దాటగలిగిన చిన్న రసాయన అణువులు. వీటికీ పగటి మగత లాంటి ఇబ్బందులున్నాయి, డాక్టరు చీటీ ఉండాలి. కానీ జన్యువు, గ్రాహకం, జంతువు, రోగి, వందలమందితో పరీక్ష, ఇలా ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చాయి.

మెట్లు సరిగ్గా ఎక్కినా కొన్నిసార్లు చేరవలసిన చోటికి చేరం. ఒత్తిడి వచ్చినప్పుడు మెదడు నుంచి మొదట బయల్దేరే పెప్టైడ్‌ను 1981లో వైలీ వేల్ గొర్రెల మెదళ్ల నుంచి వేరుచేశాడు. 41 అమైనో ఆమ్లాల సీఆర్‌హెచ్ అది. దాన్ని అడ్డుకుంటే ఆందోళన, కుంగుబాటు తగ్గుతాయని పెద్ద పెద్ద కంపెనీలు మందులు తయారు చేశాయి. పెక్సాసెర్ఫాంట్ అనే మందు ఆందోళన రోగుల్లో ఉత్తుత్తి మందు కంటే మెరుగ్గా ఏమీ పనిచేయలేదు. దాంతో ఆందోళనకు ఆ మందు రాలేదు. ఇంత స్పష్టంగా తెలిసిన పెప్టైడ్ విషయంలోనే సిద్ధాంతం పరీక్షలో ఓడిపోతే, గ్రాహకమే తెలియని పెప్టైడ్ పరీక్ష లేకుండానే గెలిచిందని ఎలా నమ్మాలి?

ఇక సీసాలో ఏముందన్న ప్రశ్న. ‘99 శాతం శుద్ధత’ అన్న కాగితం నిజమే అనుకుందాం. ఆ పరీక్ష చెప్పేది పెప్టైడ్ లాంటి పదార్థాల్లో అసలు పెప్టైడ్ వాటా ఎంత అని మాత్రమే. సీసాలో బాక్టీరియా విషాలు ఉన్నాయా, సూక్ష్మజీవులు లేకుండా నింపారా, పొడి బరువులో నీరూ లవణాలూ ఎంత అన్నవి వేరే పరీక్షలు. డీఎస్ఐపీలోని ట్రిప్టోఫాన్ గాలి, వెలుతురు తగిలితే పాడయ్యే రకం. తయారీలో ఒక అమైనో ఆమ్లం తప్పిపోయిన గొలుసులు కలిస్తే రోగనిరోధక వ్యవస్థ వాటిని శత్రువుగా చూసే ప్రమాదమూ ఉంది. 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, మందుల దుకాణాల్లో కలిపి ఇచ్చే పదార్థాల్లో భద్రతా అనుమానాలున్న జాబితా ఒకటి ప్రకటించినప్పుడు డీఎస్ఐపీ, సెలాంక్, ఎపిటాలన్, సీజేసీ-1295, ఇపామోరెలిన్ అన్నీ అందులో ఉన్నాయి. రోగనిరోధక ప్రతిక్రియ, మలినాలు, మనుషుల మీద సరైన సమాచారం లేకపోవడం అప్పుడు చూపిన కారణాలు. ఆ జాబితాలో తర్వాత మార్పులు జరిగాయి. జాబితాలోంచి తీసేయడం అంటే మందుగా ఆమోదించడం కాదు. అమెరికాలో గానీ మన దేశంలో గానీ డీఎస్ఐపీ నిద్రమందుగా ఆమోదం పొందలేదు.

నిద్ర పట్టనివాళ్లకు గట్టి రుజువున్న మార్గం ఒకటుంది. దాన్ని నిద్రలేమికి ప్రవర్తనా చికిత్స అంటారు, వైద్యులు సీబీటీ-ఐ అంటారు. నిద్ర రానప్పుడు మంచం దిగిపోవడం, రోజూ ఒకే వేళకు లేవడం, పడకమీద గడిపే సమయాన్ని మొదట తగ్గించి మెల్లగా పెంచడం, ‘ఈ రాత్రి నిద్రపోకపోతే రేపు పాడైపోతుంది’ అన్న భయాన్ని మెల్లమెల్లగా విప్పడం, ఇవి దాని భాగాలు. 2015లో 20 ప్రయోగాలు, 1,162 మందిని కలిపి చూసిన విశ్లేషణలో నిద్ర పట్టే సమయం సగటున 19 నిమిషాలు, మధ్యలో మెలకువ 26 నిమిషాలు తగ్గింది. 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ దీర్ఘకాల నిద్రలేమికి మాత్రల కంటే ముందు ఇదే ఇవ్వాలని సూచించింది. దీని లాభం చికిత్స ఆగాక కూడా నిలుస్తుంది.

గురక పెట్టి నిద్రలో ఊపిరి ఆగుతున్నట్టు ఇంట్లోవాళ్లు చెబుతుంటే, కాళ్లు లాగుతూ కదిలించకుండా ఉండలేకపోతుంటే, థైరాయిడ్ ఎక్కువైతే, మనసు కుంగి తెల్లవారుజామునే మెలకువ వస్తుంటే ఈ సీసాల్లోని ఏ పెప్టైడూ ఆ జబ్బును నయం చేయదు. పరీక్ష చేయించుకోవలసిన జబ్బును కొంతకాలం మరుగునపెట్టి హాని చేయగలదు. ఒత్తిడి భరించలేనంతగా ఉంటే ప్రభుత్వ టెలీ-మానస్ సహాయవాణి 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇప్పటికే ఇలాంటి సీసా తెప్పించి వాడుతున్నవాళ్లకు నా మనవి ఒక్కటే: సిగ్గుపడకుండా ఆ సీసాను, లేబుల్‌తో సహా, మీ డాక్టరుకు చూపించండి. ఎంత వాడారో, ఎన్నాళ్లు వాడారో చెప్పండి. పొడుచుకున్న చోట వాపు, దద్దుర్లు, జ్వరం కనిపిస్తే ఆ రోజే వెళ్లండి.